దుకాణమున దొరకని పరికరము

ఇటీవల మన తెలుగు కుటుంబములలో నొక క్రొత్త యభిరుచి ప్రవేశించినది. కళాశాలలలో చదువు పిల్లలును, క్రొత్తగా ఉద్యోగములందు చేరిన యువతీయువకులును కెమెరాలు కొని, రాత్రివేళల ఆకాశమును, సెలవు దినములందు అడవిని, అందలి పశుపక్ష్యాదులను పటములు తీయ నుత్సహించుచున్నారు. ఈ యభిరుచిని మేము నిందింపము. తలయెత్తి ఆకాశమును చూచుట మరచిన నగరవాసులకు ఆ యలవాటును తిరిగి కలిగించు విద్య యేదైనను మేలే. కాని ఆ విద్య పేరిట నేడు జరుగుచున్న కొనుగోళ్ళను చూచినప్పుడు ఊరకుండుటకు మనసొప్పదు. కెమెరాకు పెట్టిన వెల చాలక, దానికి తగిలించు సామగ్రికి అంతకు రెండింతలు వ్యయమగుచున్నది. చేతిలో రొక్కము లేనివారు వాయిదాల పద్ధతిపై కొనుచున్నారు. వాయిదాలు తీరకముందే ఆ సామగ్రి బీరువా చేరుచున్నది.

మా వాదము సూటిగా చెప్పెదము. రాత్రి యాకాశమును, ప్రకృతిని పటములు తీయువారు సామగ్రిని కొను వరుస తలక్రిందులై యున్నది. మొదట కొనవలసినవి చౌక వస్తువులు. వానిని కడపట కొనుచున్నారు, లేదా కొననే కొనరు. కడపట కొనవలసినవి, పెక్కుమందికి అసలే అక్కరలేనివి, మొదట కొనుచున్నారు. ఇక అన్నిటికంటె ముఖ్యమైన పరికరము చీకటి. అది ఏ దుకాణమునను దొరకదు. దానిని మనము చేతులార పాడుచేసికొనుచున్నాము. ఈ మూడు మాటలను ఋజువు చేయుటయే ఈ వ్యాసము పని.

కాటన్‌పేటలో కాపురముండు వారికి చీకటి కరవును గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. పేరులోనే ప్రత్తిని ధరించిన ఈ పేటకు ఒక ప్రక్క మెజెస్టిక్, మఱియొక ప్రక్క చిక్కపేట. రాత్రి పది గంటలకు మేడమీద నిలిచి తలయెత్తిన కానవచ్చునది నల్లని యాకాశము కాదు, బూడిదవన్నె కప్పు. చైత్ర పౌర్ణమినాటి రాత్రి కరగ ఉత్సవము తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చు వేళ వేలకొలది జనులు వీథులలో మేలుకొని యుందురు. ఆ నిండు చంద్రుని వంక చూచువారు మాత్రము అరుదు. విద్యుద్దీపముల నడుమ చంద్రుడే చిన్నవోయినప్పుడు నక్షత్రముల మాట చెప్పనేల? జాన్ బార్టిల్ అను అమెరికా దేశపు పరిశీలకుడు 2001లో ఆకాశపు చీకటిని తొమ్మిది తరగతులుగా విభజించెను. మొదటి తరగతి కల్తీలేని చీకటి. తొమ్మిదవది మహానగర మధ్యము. మన పేట ఆ కడపటి తరగతులలోనిది. చీకటిగల పల్లెపట్టున చంద్రుడు లేని రాత్రి ఒక్కసారిగా రెండు వేలకు పైగా నక్షత్రములు కంటికి కానవచ్చును. ఇచ్చట వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఇట్టి మేడమీద నిలిచి లక్ష రూపాయల లెన్సుతో పాలపుంతను తీయబూనుట, మురికి నీటిని వెండి చెంబుతో ముంచుకొనుట వంటిది.

ఇక వరుస సంగతి చూతము. మొదటి వస్తువు ట్రైపాడ్ అని పిలువబడు మూడుకాళ్ళ స్టాండు. ఇది లేనిదే రాత్రి పటమే లేదు. దీని కారణము సులభము. నక్షత్రముల వెలుగు స్వల్పము; అది చాలినంత చేరుటకు కెమెరా కన్ను పలు సెకండ్లపాటు తెరచి యుండవలెను. అంతసేపు కదలక నిలుపగల మానవహస్తము లేదు. ఎంతసేపు తెరచి యుంచవచ్చుననుటకు ఒక ఉజ్జాయింపు లెక్క కలదు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచున్నది గాన, ఎక్కువసేపు తెరచిన నక్షత్రములు చుక్కలుగా గాక గీతలుగా పడును. అందుచేత 500ను లెన్సు మిల్లీమీటర్లచే భాగింపవలెను. వచ్చిన సంఖ్యయే సెకండ్లు. చిన్న సెన్సారు గల కెమెరాకైనచో ముందుగా ఆ మిల్లీమీటర్లను ఒకటిన్నరచే హెచ్చవేయవలెను. పెద్ద సెన్సారుపై 24 మిల్లీమీటర్ల లెన్సుకు సుమారు 20 సెకండ్లు, 50 మిల్లీమీటర్ల లెన్సుకు 10 సెకండ్లు లభించును. 600 మిల్లీమీటర్ల లెన్సుకో, ఒక్క సెకండైనను నిండదు. నాలుగవ తరగతి బాలుడు చేయగల ఈ భాగాహారమును కొనుటకు ముందు చేసియున్నచో ఎన్ని పెద్ద లెన్సులు దుకాణములందే నిలిచిపోయెడివో!

ఆ స్టాండు విషయములోను మోసపోవుట కలదు. ఎంత ఎత్తు లేచునని యడుగుదురు గాని ఎంత గట్టిగా నిలుచునని యడుగరు. ఆకాశమును చూపుటకు ఎత్తు అక్కరలేదు, మోకాలెత్తు చాలును. దుకాణములోనే దానిని పూర్తిగా చాచి, కెమెరాను బిగించి, వ్రేలితో మెల్లగా తట్టి చూడవలెను. అదురు వెంటనే అణగినచో మంచిది. ఊగుచునే యున్నచో దానిని విడిచిపెట్టవలెను. నడిమి కమ్మిని పైకి లాగరాదు. గాలి వీచినచో సంచిలో నాలుగు రాళ్ళు వేసి నడుమ వ్రేలాడదీయవలెను. ఈ రాళ్ళకు వెల లేదు గనుక వీనిని గూర్చి ఏ ప్రకటనయు చెప్పదు.

స్థిరత్వము మొదటిదనుట మా సొంత కల్పన కాదు. తెలుగునాట నక్షత్రముల ఫొటోలు తీసిన చరిత్రయే దీనికి సాక్ష్యము. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదున స్థాపించిన వేధశాల పిదప నిజామియా వేధశాలగా ప్రసిద్ధి కెక్కినది. ప్యారిసు నగరమున 1887లో కూడిన శాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని గాజు పలకలపై ఫొటోలు తీసి నక్షత్రముల పట్టిక వ్రాయ సంకల్పించిరి. పలు దేశముల వేధశాలలు ఆ పనిని పంచుకొనగా, ఆకాశ మధ్యరేఖకు దక్షిణమున 17వ డిగ్రీ మొదలు 23వ డిగ్రీ వరకు గల పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చినది. వారి ఫొటో దూరదర్శిని అద్దము వెడల్పు ఎనిమిదంగుళములు మాత్రమే. దానితోనే లక్షల నక్షత్రముల స్థానములు గుర్తించి, సంపుటములుగా అచ్చువేసిరి. ఎట్లు సాధ్యమైనది? దూరదర్శినిని నిలుపు స్తంభమును గది నేలకు తగులకుండ వేరు పునాదిపై కట్టుట వేధశాలల సంప్రదాయము. మనుష్యుడు నడచిన యదురు కూడ దానికి సోకరాదు. పరిశీలకుడు ప్రక్కనున్న మఱియొక గొట్టములో కన్నుంచి, ఒక నక్షత్రమును సన్నని దారముల కూడలిపై నిలుపుచు నిమిషముల తరబడి యంత్రమును సవరించుచుండెడివాడు. పునాది, ఓర్పు, ఈ రెండును అచ్చట ప్రధాన పరికరములు. నేటి మన యువకుడు ఈ రెంటిని విడిచి మూడవదానితో ప్రారంభించుచున్నాడు.

స్టాండు పిదప రావలసినవి చిల్లర వస్తువులే. మీట నొక్కినప్పుడు కెమెరా కదలకుండ తీగతో నొక్కు స్విచ్చి యొకటి వలయును. వెయ్యి రూపాయల లోపున దొరకును; అదియును లేనిచో కెమెరాలోనే యున్న రెండు సెకండ్ల టైమరు ఆ పని చేయును. రెండవ బ్యాటరీ యొకటి తప్పక యుండవలెను; చలిరాత్రి బ్యాటరీ త్వరగా అయిపోవును. మంచు కురియు వేళ అద్దముపై తేమ పట్టకుండ చుట్టు వెచ్చని పట్టీ మంచిదే గాని, మెత్తని పాత పంచెముక్క లేక మాత్రము బయలుదేరరాదు. మన వానకాలపు తేమకు లెన్సులో బూజు పట్టుట సామాన్యము. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచిన కెమెరాకు ఈ రోగము త్వరగా వచ్చును. గాలి చొరని మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో పెట్టినచో చాలును. ఆ డబ్బా వంటయింటిలోనే యుండును.

మఱి యొక పరికరము గోడకు వ్రేలాడుచునే యున్నది. అది మన పంచాంగపు క్యాలెండరు. చంద్రుడెప్పుడు ఉదయించునో, ఏ రాత్రి చీకటిదో తెలిసికొనుటకు కొందరు ఏడాది చందా కట్టుచున్నారు. బహుళ ఏకాదశి మొదలు శుద్ధ తదియ వరకు గల రాత్రులు చీకటి రాత్రులని మన యింటి ముసలమ్మ చెప్పగలదు. ఆమె నడుగుటకు చందా లేదు.

కొనదగిన లెన్సు అసలే లేదా యని యడుగుదురేమో. ఒకటి కలదు. కెమెరాతో వచ్చు మామూలు లెన్సును 50 మిల్లీమీటర్ల వద్ద నుంచిన దాని రంధ్రపు సంఖ్య 5.6 చేరును. పేరుగల కంపెనీలన్నియు అమ్ము చిన్న 50 మిల్లీమీటర్ల లెన్సు సంఖ్య 1.8. వెలుగు ఈ సంఖ్యల వర్గముల ననుసరించి మారును గాన, చిన్నది సుమారు తొమ్మిది పది రెట్లు వెలుగును లోనికి విడుచును. సాధారణముగా కంపెనీల పట్టికలలో అన్నిటికంటె తక్కువ వెలగల లెన్సులలో ఇదియు నొకటి. దీనిని కొనుమని మేము నిస్సంకోచముగా చెప్పుదుము.

ఇక అక్కరలేనివానిని చెప్పెదము. మొదటిది నగరపు వెలుగును వడబోయునని చెప్పి యమ్ము ఫిల్టరు. వీథులలో పసుపుపచ్చని సోడియం దీపము లుండిన కాలమున దీనికి కొంత యుక్తి యుండెను; ఆ దీపపు వెలుగు ఒకే వన్నెకు చెందినది గాన, ఆ ఒక్క వన్నెను ఆపిన ఫలితము కానవచ్చెడిది. నేడు వీథులను, అంగళ్ళను ఆక్రమించిన ఎల్.ఇ.డి. దీపము అన్ని వన్నెలను వెదజల్లును. దాని నాపబోయిన నక్షత్రముల వెలుగు కూడ ఆగిపోవును. శత్రువు మారిన పిదప పాత డాలు నమ్ముచున్నారు, మనవారు కొనుచున్నారు.

రెండవది నక్షత్రముల వెంట కెమెరాను త్రిప్పు ట్రాకరు యంత్రము. ఇది మంచి యంత్రమే. కాని దానిని ముందుగా ధ్రువ నక్షత్రమునకు గురిపెట్టవలెను. ధ్రువుడు ఏ యూరి యక్షాంశమెంతయో దిక్చక్రమునకు దాదాపు అంత యెత్తున నుండును. లండను నగరమున 51 డిగ్రీలు దాటిన యెత్తు. బెంగళూరున 13 డిగ్రీలు మాత్రమే. చేయి చాచి పిడికిలి పట్టిన సుమారు పది డిగ్రీలు. అనగా మన ధ్రువుడు ఒకటింబావు పిడికిలి యెత్తున, దుమ్ములోను, చెట్లచాటునను, మేడల వెనుకను దాగియుండును. ఉత్తర దేశములవారు తమ ఆకాశమునకై వ్రాసికొన్న సలహాను మనము అక్షరము మార్పక పాటించుటవలన కలుగు కష్టమిది. నేర్పరియైనవాడు దిక్సూచితో నెట్లో నెగ్గుకొనివచ్చును. తొలి యేడాది పిల్లవానికి ఇది కొనిచ్చుట, నడక రానివానికి గుఱ్ఱమును కొనిచ్చుట.

ఇంతకును ఆ దేశములవారి కంటె మనకు గల భాగ్యము గొప్పది. పాలపుంత నడిబొడ్డు ధనూరాశి దిక్కున, మూలా నక్షత్రమునకు సమీపమున నున్నది. లండనులో అది దిక్చక్రమునకు పది డిగ్రీల యెత్తైనను లేవదు. బెంగళూరు, కడప, అనంతపురము ప్రాంతములలో అది 45 డిగ్రీలు మించి పైకి వచ్చును. దసరాలలో మూలా నక్షత్రమునాడు పుస్తకములు పూజలో పెట్టు మన యిండ్లలో, ఆ మూల యెచ్చట నున్నదో చూపగలవారెందరు? ఆకాశము మనకు దగ్గర చేసి యిచ్చినదానిని చూడక, దూరదేశపు యంత్రమును కొనుచున్నాము.

ఇక ప్రకృతి పటముల సంగతి. ఇచ్చట తప్పు కొనుగోలు డబ్బుతో పోదు. నోరులేని ప్రాణులకు తగులును. రాత్రి యడవి యంచుల తిరుగు యువకుల చేతులలో మేము చూచుచున్నవి రెండు: కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని టార్చి, కెమెరాపై ఫ్లాషు. గుడ్లగూబ, నక్కపిట్ట, దేవాంగపిల్లి మున్నగునవి స్వల్పమైన వెలుగులో చూచుటకై పెద్ద కన్నులు పొందిన ప్రాణులు. దేవాంగపిల్లి బెంగళూరు నగరములోనే, భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణమువంటి చెట్లుగల తావులందు బ్రతుకుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దానికి చోటున్నది. దాని ముఖముపై తెల్లని వెలుగు గ్రుమ్మరించి తీసిన పటము పటము కాదు, హింసకు నిదర్శనము. దానిని పరిశీలించువారు ఎఱ్ఱని దీపమును వాడుదురు. ఎఱ్ఱని వెలుగు ఆ ప్రాణిని అంతగా బాధింపదు.

ఆ ఎఱ్ఱదీపమే ఆకాశమును చూచువానికిని కావలసినది. చీకటికి మన కన్ను పూర్తిగా అలవడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. తెల్లని దీపము ఒక్కమారు వెలిగిన ఆ యలవాటంతయు పోవును. ఎఱ్ఱని వెలుగు దానిని చెఱుపదు. మామూలు టార్చికి ఎఱ్ఱని జిలెటిన్ కాగితము రెండు మడతలు చుట్టి రబ్బరు బిగించిన ఆ దీపము సిద్ధము. ఆకాశమునకును, అడవికిని ఒక్కటే సరిపోవు పరికరమిది. దీనికగు వెల పది రూపాయలు. ఎందరి సంచులలో నున్నదో విచారింపుడు.

పగటివేళ పక్షులను తీయుటకు పెద్ద లెన్సు ఉపయోగమేనని మేము ఒప్పుకొందుము. కాని దానికి దిగువ ఆసరా లేనిచో ప్రయోజనము సగమే. జీపులో స్టాండు నిలుచుటకు చోటుండదు. గట్టి గుడ్డతో సంచి కుట్టించి బియ్యమో, సెనగలో నింపి కిటికీపై నుంచి, దానిపై లెన్సును పరుండబెట్టిన చాలును. దీనినే అందముగా కుట్టి పెద్ద వెలకు అమ్ముచున్నారు. కాటన్‌పేటలో గుడ్డకు కరవా? కుట్టువానికి కరవా?

నేల యెఱుక కంటె పెద్ద పరికరము లేదనుటకు మన కడప మండలపు కలివికోడి కథ చాలును. రాత్రులందు పొదల నడుమ తిరుగు ఈ పక్షిని జెర్డాన్ అను ఆంగ్లేయుడు 1848లో శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత అది ఎవరికిని కానరాక, నశించినదని తలపబడెను. 1986 జనవరిలో దానిని తిరిగి కనుగొన్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పరిశోధకులు కడప ప్రాంతమున పటములు చూపి విచారింపగా, ఐతన్న యను స్థానికుడు రాత్రి టార్చి వెలుగులో దానిని పట్టుకొనెను. పట్టువడిన పక్షి కొలది దినములకే మరణించుట విచారకరము. 1988లో ఆ తావు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైనది. తరువాతి పరిశోధకులు ఏమి వాడిరి? పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పఱచి అడుగుజాడలు చూచిరి; దారులలో తనంతట తానే పటము తీయు కెమెరాల నమర్చి తాము దూరముగా నుండిరి. మనుష్యుడు తప్పుకొనుటయే అందలి మెలకువ. మన యువకుడో, దగ్గరకు చేరుటయే మెలకువ యని నమ్మి, గూడుపై కొమ్మలు విఱిచి పటము తీయుచున్నాడు. విఱిచిన కొమ్మతో నీడ పోవును. కాకి గూటిని చూచును. పటమునకు ప్రశంసలు వచ్చును. పిల్లలు ప్రాణములు విడుచును.

మా మాటకు ఎదురు చెప్పువారు గలరు. ఖరీదైన సామగ్రి లేనిదే పోటీలలో నిలువలేమని కొందరందురు. పోటీయే జీవనోపాధియైన వారికి మేము చెప్పునదేమియు లేదు. వారు తమ వ్యాపారపు పెట్టుబడి తామెఱుగుదురు. మేము చెప్పునది జీతము మీద బ్రతుకు కుటుంబములకు. గట్టి స్టాండు, తీగ స్విచ్చి, చిన్న లెన్సు, ఎఱ్ఱదీపము, గింజల సంచి, ఇవన్నియు కలిసి ఒక్క పెద్ద లెన్సు వెలలో చిన్న భాగమునకు వచ్చును. వీనితో ఏడాదిపాటు పని చేసి, పటమునకు ఏది తక్కువైనదో తానే కనుగొన్నవాడు అప్పుడు కొనవచ్చును. అప్పుడతడు కొనునది అవసరము. ఇప్పుడు కొనునది ఆశ. మఱికొందరు సెల్‌ఫోనే అన్నియు చేయునందురు. సంతోషము. ఆ ఫోనును కూడ స్టాండుపై నిలిపి, చీకటికి తీసికొనిపోయిననే చేయును. మేము చెప్పిన వరుస దానికిని వర్తించును.

కడకు చీకటి మాట. వేధశాలల చరిత్ర చూచిన అది వెలుగునుండి పాఱిపోయిన చరిత్రవలె కానవచ్చును. హైదరాబాదు పెరిగిన పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయము తన 48 అంగుళముల దూరదర్శినిని నగరమున నిలుపలేదు. దూరముగా జాపాల, రంగాపూరు గ్రామముల చెంతకు తీసికొనిపోయినది. హైదరాబాదున పెరిగి, నిజాం కళాశాలలో చదివి, 1949లో అమెరికాలో విద్యార్థిగా నుండగా ఫొటో పలకపై ఒక తోకచుక్కను కనిపెట్టిన వేణు బప్పు, మన బెంగళూరి భారతీయ ఖభౌతిక సంస్థకు రూపము కల్పించిన మహనీయుడు. ఆ సంస్థ కార్యాలయము కోరమంగళలో నున్నను, దాని దూరదర్శినులు తమిళనాడు జవ్వాది కొండలలోని కావలూరున నున్నవి. అచ్చటి 2.34 మీటర్ల దూరదర్శిని 1986లో పని ప్రారంభించి, ఆయన పేరనే వెలసినది. పిదప ఆ సంస్థ లడఖ్ లోని హాన్లేకు, 4,500 మీటర్ల యెత్తునకు పోయినది. అచ్చటి దూరదర్శినిని మన ప్రక్కనున్న హొసకోట నుండి నడుపుచున్నారు. 2022లో హాన్లే ప్రాంతమును చీకటి సంరక్షణ క్షేత్రముగా ప్రకటించిరి. అచ్చటి గ్రామస్థులు తమ దీపములకు ముసుగులు వేసి, కిటికీలకు తెరలు కట్టి ఆ చీకటిని కాపాడుచున్నారు. మానవులలో మూడవవంతు మందికి పైగా తమ యిండ్లనుండి పాలపుంతను చూడలేకున్నారని 2016లో వెలువడిన ప్రపంచ పటమొకటి తేల్చినది. ఆ మూడవవంతులో మనమున్నాము.

చీకటి కోరుట దొంగలకు దారి యిచ్చుటయని కొందరు పరిహసింతురు. మేము దీపము లార్పుమనుట లేదు. దీపము నేలను చూడవలెను, ఆకాశమును చూడనక్కరలేదు. పైన ముసుగుగల దీపము తక్కువ విద్యుత్తుతో ఎక్కువ దారిని చూపును. కన్నులలో పడు దీపము దారినిగాక దీపమునే చూపును. దొంగ నిలుచునది ఆ మిరుమిట్ల వెనుకనే. అర్ధరాత్రి దాటినను మన యంగళ్ళ బోర్డులు ఎవరికై వెలుగుచున్నవి? పండుగ ముగిసిన నెలకు కూడ మేడలపై తోరణ దీపము లెందుకు? ఈ యంగళ్ళలో, ఈ మేడలలో మన తెలుగువారివి తక్కువేమియు కావు. ప్రభుత్వము నడుగుటకు ముందు మన స్విచ్చిని మనము నొక్కవచ్చును గదా.

దీనిలో మన సంస్కృతికి సంబంధమేమని యడుగువారికి ఒక్క మాట. ఆలయమున అర్చన వేళ పురోహితుడు నక్షత్రమడిగిన, మన పిల్లవాడు తడుముకొనక రోహిణి యని చెప్పును. ఆకాశమున రోహిణిని చూపుమన్న నేలచూపులు చూచును. రోహిణి వృషభరాశిలోని ఎఱ్ఱని తార. దాని వెలుగు మనలను చేరుటకు సుమారు 65 ఏండ్లు పట్టును. మా యీడువారు పుట్టిన కాలమున బయలుదేరిన వెలుగు నేడు మన మేడలపై వ్రాలుచున్నది. దానిని వీథిదీపము మ్రింగుచున్నది. కృత్తికలను పిల్లలకోడి యని మన పల్లెలలో పిలిచెడివారు. ఆ పేరు విన్న బాలుడు ఈ నగరమున నెందరిండ్ల నున్నాడు? పెండ్లిలో వధూవరులకు అరుంధతిని చూపు ఆచారము నేడు కల్యాణ మంటపపు కప్పును చూపుటగా మారినది. దానిని మాత్రము మూడు కెమెరాలు పటము తీయును. పరరాష్ట్రమున స్థిరపడిన మనము భాషను నిలుపుకొనుటకు సభలు చేయుచున్నాము. తలపై నున్న తెలుగు పేర్లను మాత్రము ఒక్కొక్కటిగా ఆర్పుచున్నాము.

కావున మన సంఘమువారికి మా ప్రార్థన యిది. వార్షికోత్సవపు వేదికాలంకారమునకగు వ్యయములో కొంత తగ్గించి, రెండు గట్టి స్టాండులు, రెండు తీగ స్విచ్చులు, నాలుగు ఎఱ్ఱదీపములు సంఘము పేర కొనవలెను. కోరిన పిల్లలకు గ్రంథాలయ పుస్తకముల వలె అరువియ్యవలెను. ఆ అరువు పుస్తకము వ్రాయుటకు, జీవితమంతయు గుమాస్తాలుగా పద్దులు వ్రాసిన మావంటివారు సిద్ధముగా నున్నారు. పెద్ద లెన్సు కొనవలెనను పిల్లవాడు ముందు ఆరు నెలలు వీనితో పని చేయవలెను. తల్లిదండ్రులు ఈ నియమమును తమ యిండ్లలో పాటింపవలెను.

తొలి పాఠముగా ఏప్రిల్, మే నెలలలో రాత్రి తొమ్మిది గంటలకు మేడమీదనుండియే ఉత్తర దిక్కున సప్తర్షులను వెదకి, వసిష్ఠునివైపు 50 మిల్లీమీటర్ల లెన్సును గురిపెట్టి, నాలుగు సెకండ్లు తెరచి చూడుడు. కాటన్‌పేట కాంతిలో కంటికి కానరాని అరుంధతి కూడ వసిష్ఠుని ప్రక్కన చిన్న చుక్కగా పటమున నిలుచును.

మలి పాఠమునకు మహాశివరాత్రి తగినది. ఆ రాత్రి మనవారెట్లును జాగరము చేయుదురు. అమావాస్యకు ముందుదినము గాన చంద్రుడు తెల్లవారు వేళకు గాని రాడు. వచ్చినను సన్నని రేఖయే. మూడు గంటలు దాటిన పిదప ఆగ్నేయమున మూలా నక్షత్రము చెంత పాలపుంత నడిబొడ్డు పైకి వచ్చును. ఏడాదికొక్క శివరాత్రి సినిమాలతో జాగరము చేయుట మాని, నగరము దాటి ఏదైన పల్లెటూరి గుడిచెంతకు పిల్లలను, ముసలివారిని కలిపి తీసికొనిపోవుదము. పిల్లలు స్టాండులు నిలుపుదురు. ముసలివారు చుక్కల పేర్లు చెప్పుదురు. ఒకరివద్ద నున్నది మఱియొకరివద్ద లేదు. ఈ రెంటిని కలుపు పని సంఘము చేయవలసినది. ఏ దుకాణమును చేయజాలదు.